నాన్నకి పెట్టిన ముద్ద

మొన్న మధ్యాహ్నం మా ఎదురింటి అమ్మాయి వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమె భర్తని పోలీసులు తీసుకెళ్ళి కొన్ని వారాలైంది. ఏం కేసో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరు పసిపిల్లలున్నారు. నాన్న ట్రైనింగుకి బెంగళూరు వెళ్ళేడని వాళ్ళకి చెప్పిందట. మొదట్లో ఎప్పుడొస్తాడు, ఏం తెస్తాడు అని ఇద్దరూ ప్రాణాలు తీసేవారట. ఈమధ్య చిన్నవాడు అడగడం మానేసేడు. "అడక్కపోతే హాయి అనుకోవాలి కదండీ, నాకు మాత్రం భయమేస్తోందండీ" అంది. తరవాత కాస్త మొహమాటంగా, "మీరన్ని పుస్తకాలు చదువుతారు కదా, ఇలాంటప్పుడు పిల్లలకేం చెప్పాలో ఎవరైనా రాసేరాండీ?" అని అడిగింది.

రాసేరు. నేను చదివేను కూడా. ఈ విషయంలో నాకు కొంచెం గర్వం ఉంది, దాచుకోను. బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలో మొదలై అమలాపురం గ్రంథాలయం దాకా నడిచి వచ్చింది. ఈనాటికీ తాళం తియ్యకముందే మెట్లమీద కూర్చుని ఎదురుచూసే ఇద్దరు ముగ్గురిలో నేనొకదాన్ని. పిల్లల మనసు గురించి తెలుగులో వచ్చినవి దొరికినన్ని చదివేను. అసలు ఆ పుస్తకాల మీదికి నా చెయ్యి వెళ్ళింది మా తమ్ముడి మూలాన. ఆ అమ్మాయికి ఓ పుస్తకం పేరు చెప్పబోయి, ఆగి, కాఫీ కలిపి ఇచ్చి, మా ఇంట్లో జరిగిందే చెప్పేను. అంతకుముందెప్పుడూ ఎవరికీ వరసగా చెప్పలేదు. చెబుతుంటే తెలిసింది, అందులో ఏడవాల్సింది నేననుకున్నంత లేదని.

మా ఊరు పి.గన్నవరానికి దగ్గర, కాలవ గట్టునే. ముందు అరుగు, మధ్య పెంకుటిల్లు, వెనక కొబ్బరిచెట్లు. కాలవలో పీచు కోసం నానేసిన కొబ్బరి డొక్కల కంపుకి కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకది ఊళ్ళోకి వచ్చేమని చెప్పే వాసన. మా నాన్న కోపిష్టి, అంతకుమించి చెడ్డవాడు కాడు. ఎండాకాలం వేసే దాళ్వా పంటకి కాలవ నీళ్ళు వంతుల ప్రకారం వచ్చేవి. ఒకనాడు తన వంతు నీళ్ళు రాకుండా బోదె కట్టేసేడని పక్క చేను ఆసామిని పార కామతో కొట్టేడు. ఆయన చెయ్యి విరిగింది, అతుక్కున్నాక కూడా పూర్తిగా వంగలేదు. కోర్టు ఏడాదిన్నర శిక్ష వేసి నాన్నని రాజమండ్రి జైలుకి పంపించింది. కొట్టలేదని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు, నాన్నతో సహా.

నాకప్పుడు పన్నెండేళ్ళు. తమ్ముడు బుల్లబ్బాయికి ఇంకా ఐదు నిండలేదు. నాకు అంతా తెలుసు. వాడికి మాత్రం నాన్న మస్కట్ వెళ్ళేడని చెప్పేరు. ఈ మాట ఎవరు మొదలుపెట్టేరో గుర్తులేదు. మా వైపునించి జనం అప్పుడప్పుడే మస్కట్టూ కువైటూ వెళ్ళడం మొదలెట్టేరు కాబట్టి నోటికి సులువుగా వచ్చుంటుంది. ఊరంతా ఆ మాట మీదే నిలబడింది. కిళ్ళీ కొట్టు ఆయన కూడా, "ఏరా, మీ నాన్న మస్కట్నించి నీకు రేడియో పంపుతాడంట గదా" అనేవాడు. వాడికి నమ్మకం కుదరడానికి నేను గ్రంథాలయంలో భూగోళం పుస్తకం చూసి మస్కట్ ఎక్కడుందో, ఎంత ఇసకో, ఎంత ఎండో చదువుకొచ్చి చెప్పేదాన్ని. వాడు శ్రద్ధగా వినేవాడు. ఒకసారి మాత్రం, "అక్కడికెళ్ళినోళ్ళు మళ్ళీ ఎప్పుడైనా వచ్చేరా?" అని అడిగేడు. వస్తారని చెప్పేను. తలూపేడు. అంతే, ఆ తరవాత అడగలేదు. చెప్పిన మాట వింటున్నాడు, గొడవ చెయ్యట్లేదు, దేవుడిలాంటి పిల్లాడు అని అందరూ మెచ్చుకున్నారు.

ఆ రోజుల్లో మా ఇల్లు ఎలా ఉండేదో ఇప్పుడు తల్చుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు వచ్చి అరుగు మీద మాట్లాడకుండా కూర్చునేవారు. ఆడవాళ్ళు లోపలికొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని, "ఏం చేస్తావమ్మా, రాత" అనేవారు. పక్కింటివాళ్ళు వండిన కూర గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు. అమ్మ తల్లో పువ్వు మానేసింది. బొట్టు ఉందో లేదో తెలియనంత చుక్క. పేరంటాలకి పిలిచినా వెళ్ళేది కాదు. గుళ్ళోకీ వెళ్ళేది కాదు. రేడియో మీద తువ్వాలు కప్పేసింది. అన్నిటికన్నా పెద్ద మార్పు వంటింట్లో వచ్చింది. మా అమ్మ చేతి పోపు మా వీధికంతా తెలుసు. కంద బచ్చలి కూరకి ఆవ నూరి, వెల్లుల్లి చితక్కొట్టి, ఎండుమిరపకాయలు తుంపి నూనెలో వేస్తే, కాలవ అవతలి గట్టున బట్టలుతికేవాళ్ళు తలెత్తి చూసేవారు. ఆ చప్పుడూ వాసనా ఇంట్లోంచి పోయేయి. పప్పు ఉడకేసి ఉప్పేసి దించేసేది. మనసులేక అలా చేసిందే గాని, చావు జరిగిన ఇంట్లో మైల రోజుల్లో పోపు వెయ్యరన్న సంగతి ఆవిడకి తట్టనే లేదు. మాకెవరికీ తట్టలేదు. మనిషి బతికుండగానే మేమంతా కలిసి మైల పట్టేం.

ఇది కనిపెట్టిన మనిషి మా మేనత్త సూరమ్మ. నాన్నకి అక్క. పలివెలలో ఉండేది. పెళ్ళైన కొన్నేళ్ళకే భర్త పోతే, ఉన్న కొబ్బరితోట తనే చూసుకుంటూ, ఎవరి మాటా పడకుండా బతికిన మనిషి. గంజి పెట్టి ఆరేసిన తెల్లచీర ఆవిడ నడుస్తుంటే చప్పుడు చేసేది. ఏ ఇంటికెళ్ళినా అరుగు మీద కూర్చునేది కాదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద మూతలెత్తి చూసేది. ఆ అలవాటుకి భయపడి బంధువుల్లో చాలామంది ఆవిడని పిలవడం మానేసేరు. తన తమ్ముడికి, అంటే మా నాన్నకి, శిక్ష పడ్డాక ఆవిడ మొదటిసారి మా ఇంటికొచ్చింది నాకు బాగా గుర్తు. మధ్యాహ్నం భోజనాల వేళ. మూతలెత్తి చూసింది. అమ్మ వడ్డించింది. అప్పుడు బుల్లబ్బాయి తన కంచంలోంచి మొదటి ముద్ద తీసుకుని పెరట్లోకి వెళ్ళేడు. వెళ్ళి అంట్లు తోమే చపటా చుట్టూ ఉన్న పొట్టి గోడ మీద పెట్టి, దూరంగా నిలబడ్డాడు.

మాకది కొత్త కాదు. కొన్నాళ్ళుగా రోజూ అలాగే చేస్తున్నాడు. కాకులతో ఆడుకుంటున్నాడు, ఆడుకోనీ అంది అమ్మ. కాకి వచ్చి తింటేనే వాడు లోపలికొచ్చి అన్నం ముట్టుకునేవాడు. రాకపోతే కంచం అలాగే వదిలేసేవాడు. వాడి మెడ సన్నబడింది, చొక్కా భుజాలమీంచి జారేది. సన్నబడటం మాత్రం అందరూ చూసి, ఎండలని చెప్పుకున్నాం. అత్త చెయ్యి కడుక్కోకుండానే లేచి పెరట్లోకి వెళ్ళి వాడి పక్కన గొంతుక్కూర్చుంది.

"ఎవరికిరా అది?" అని అడిగింది.

"నాన్నకి" అన్నాడు వాడు.

ఆ ముందటేడు మా తాతయ్య పోయేడు. అప్పుడూ ఊళ్ళోవాళ్ళు ఇలాగే అరుగు మీద కూర్చున్నారు. అప్పుడూ వండిన గిన్నెలు వచ్చేయి, అప్పుడూ రేడియో మూసేసేరు, అప్పుడూ పోపు లేదు. తాతయ్యేడని వాడడిగితే, పిల్లాడికి చావెందుకని, దూరం ఊరు వెళ్ళేడని చెప్పేం. కర్మ రోజున పిండం పెట్టి కాకి కోసం పెద్దవాళ్ళంతా ఎదురుచూడటం, అది వచ్చి ముట్టుకోగానే ఊపిరి పీల్చుకోవడం వాడు నాన్న భుజం మీంచే చూసేడు. ఆ దూరం ఊరి పేరు మస్కట్ అని ఇప్పుడు తెలిసింది వాడికి, అంతే. ఎవరూ చెప్పకుండా, ఎవర్నీ ఏడిపించకుండా, ఐదేళ్ళు నిండని పిల్లాడు తండ్రికి చెయ్యాల్సింది తనొక్కడే చేసుకుంటున్నాడు.

అత్త లోపలికొచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుని మెల్లిగానే చెప్పింది. అమ్మ విని నోట్లో కొంగు కుక్కుకుంది. "వాడికేం చెప్పనండీ వదినగారూ, జైలంటే ఏం తెలుస్తుందండీ ఆ పసాడికి" అంది. అత్త అన్న మాటలు నాకింకా చెవుల్లో ఉన్నాయి.

"అబద్ధం ఒకసారి వండితే సరిపోదు సత్యవతీ, పూట పూటా వండాలి. నీకంత ఓపిక లేదు. ముందు ఆ మొహాన బొట్టు సరిగ్గా పెట్టు. నేను తియ్యాల్సొచ్చి తీసేను. నీకేమొచ్చింది?"

ఆ తరవాత తనే లేచి మూకుడు పొయ్యి మీద పెట్టింది. ఎండిన కొబ్బరాకుల మంట భగ్గున లేచింది. నూనె కాగింది. ఆవాలు చిటపటలాడుతుంటే బుల్లబ్బాయి పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడి చూసేడు. పోపు పెట్టిన పప్పు వాడి కంచంలో వేసి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అత్త విషయమంతా చెప్పింది. నేను తరవాత్తరవాత చదివిన పుస్తకాల్లో పిల్లలకి నిజం చెప్పేటప్పుడు చిన్న మాటల్లో, ఉన్నదున్నట్టు, అడిగినంతవరకూ చెప్పాలని ఉంది. అత్త అడిగినదానికన్నా ఎక్కువే చెప్పింది, మధ్యలో తన తమ్ముణ్ణి నాలుగు తిట్లు కూడా తిట్టింది. సారాంశం మాత్రం సరిగ్గానే అందింది. మీ నాన్న కోపంలో ఒకాయన్ని కొట్టేడు. ఆయనకి చెయ్యి విరిగింది. అలా కొట్టకూడదు కాబట్టి కొన్నాళ్ళు రాజమండ్రిలో ఒక చోట ఉంచేరు. అక్కడ అన్నం పెడతారు, పని చెబుతారు, తలుపు మాత్రం తియ్యరు. రోజులయ్యేక ఇంటికి పంపించేస్తారు. నువ్వేం చేసినందుకూ కాదు, నువ్వు చెయ్యనందుకూ కాదు.

వాడు, తాతయ్య కూడా రాజమండ్రిలోనే ఉన్నాడా అని అడిగేడు. అమ్మ మొహం తిప్పుకుంది. అత్త మాత్రం తడబడలేదు. "లేదు నాన్నా. తాతయ్య ముసలాడయ్యేడు, జబ్బు చేసింది, చచ్చిపోయేడు. మీ నాన్న చచ్చిపోలేదు. ఇది వేరు, అది వేరు" అంది. వాడు ఆవిడ గడ్డం పట్టుకుని, నువ్వు నాన్నని చూసేవా అన్నాడు. ఆవిడ చూడలేదు. చూడలేదనే చెప్పింది, మీ అమ్మ చూసింది అంది. వాడు అమ్మకేసి చూసేడు. మస్కట్ అని అమ్మా చెప్పింది కదా. ఆ చూపులో నమ్మకం లేదు. మర్నాడు మళ్ళీ గోడ మీద ముద్ద పెట్టేడు.

ఇక తీసుకెళ్ళి చూపించాలి. అదే కష్టమైంది. అమ్మ ఒకసారి ములాఖత్‌కి వెళ్ళినప్పుడు (జైల్లో వాళ్ళని చూడనిచ్చే వేళని అక్కడ అలా అంటారు) నాన్న ఒట్టేయించుకున్నాడట, పిల్లల్ని ఎట్టి పరిస్థితిలోనూ అక్కడికి తేవద్దని. ఆ బట్టల్లో, ఆ వలల వెనక తనని చూస్తే వాళ్ళ మనసులో తండ్రి పోతాడని ఆయన భయం. నాన్న మాట మా ఇంట్లో శాసనం. అమ్మ ఒట్టు తప్పనంది. పైగా నన్ను చూపించి, రేపు ఈ పిల్ల పెళ్ళికి, జైలు గుమ్మం తొక్కిందంటే ఎవరొస్తారంది. అత్త చాలాసేపు వింది. "వాడి మనసులో తండ్రి ఎప్పుడో పోయేడు, రోజూ పిండం పెడుతున్నాడు. ఇంకేం పోవాలి?" అంది. ఒట్టు నీది, నాది కాదు, నా మేనల్లుణ్ణి నేను తీసుకెళ్తాను, నువ్వు తోడుకి రా అంది. ఆ సాయంత్రం అమ్మ జంతికల పిండి కలిపింది.

నలుగురం గన్నవరంలో బస్సెక్కి రావులపాలెంలో మారేం. గోదావరి మీద బ్రిడ్జి వచ్చినప్పుడు బస్సులో అందరూ చిల్లర డబ్బులు నీళ్ళలోకి విసిరి దణ్ణం పెట్టుకున్నారు. బుల్లబ్బాయి మాత్రం కిటికీలోంచి చూడలేదు. అమ్మ ఒళ్ళో బిగుసుకుని కూర్చున్నాడు. జైలు బయట చెట్ల కింద మాలాంటి సంసారాలు చాలా ఉన్నాయి. క్యారేజీలు, చంటిపిల్లలు, ముసలివాళ్ళు. సంతలో కూర్చున్నట్టు కూర్చుని ఊళ్ళ కబుర్లు చెప్పుకుంటున్నారు. మీదే ఊరండీ అని ఒకావిడ అమ్మనడిగింది. అమ్మ మొదటిసారి తలదించుకోకుండా ఊరి పేరు చెప్పింది. పేరు పిలిచేక లోపలికెళ్ళేం. వల. దానికవతల కొంత ఖాళీ. దానికవతల ఇంకో వల. అక్కడ తెల్ల పొట్టి లాగూ, చొక్కా వేసుకుని, జుట్టు కత్తిరించేసిన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే ఆయన మొహం తిప్పేసుకున్నాడు. అప్పుడే తెలిసింది నాకు, అది నాన్న అని.

"ఒరే, ఇటు తిరుగు. నీకోసం కాదు వచ్చింది, వీడికోసం" అంది అత్త.

నాన్న తిరిగేడు. బుల్లబ్బాయి వలకి మొహం ఆనించి చూస్తున్నాడు, రెప్ప వెయ్యట్లేదు. నాన్న పేరు పెట్టి పిలిచేడు. పలకలేదు. అత్త జంతికల పొట్లం అక్కడ కాపలా ఉన్న జవానుకి ఇచ్చింది. ఆయన విప్పి, చిదిపి చూసి, లోపలికి తీసుకెళ్ళడానికి లేదండీ, కావాలంటే ఇక్కడే నా ఎదురుగా తినెయ్యమనండి అన్నాడు. అవతలికెళ్ళి ఓ నాలుగు నాన్న చేతిలో పెట్టేడు. నాన్న వాటిని పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"తిను" అన్నాడు బుల్లబ్బాయి. అదే వాడు అన్న మొదటి మాట.

నాన్న ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. నమిలేడు. వాడు ఆయన దవడలకేసి చూసేడు, గొంతుకేసి చూసేడు. ఇంకోటి తినమన్నాడు. తిన్నాడు. అప్పుడు వాడు వెనక్కి తిరిగి, ఎంతో పెద్ద సంగతి మాకే తెలియదన్నట్టు, "అమ్మా, తింటున్నాడు" అన్నాడు. జవాను ఇదేం గోలరా బాబూ అన్నట్టు చూసి, మాకు ఇంకాస్త టైమిచ్చేడు.

తిరుగు ప్రయాణంలో బుల్లబ్బాయిని పట్టలేకపోయేం. కిటికీ పక్క సీటు నాదంటే నాదని నా జుట్టు పట్టుకుని లాగేడు. బ్రిడ్జి మీద తనూ డబ్బులు విసురుతానని ఏడ్చేడు. మిగిలిన జంతికలన్నీ తనే తినేసి, మంచినీళ్ళు కావాలని బస్సు ఆపించమన్నాడు. అమ్మ వీపుమీద ఒకటి చరిచింది. వాడు ఎలుగెత్తి ఏడిస్తే, అత్త పైట చాటున నవ్వుకుంటూ, "అమ్మయ్య. వచ్చేడు మన వెధవ" అంది. అన్నాళ్ళ తరవాత వాడు మొదటిసారి అల్లరి చేసిన రోజు అది. గోడ మీద ముద్ద పెట్టడం ఆ మర్నాటినించి లేదు. కొన్నాళ్ళు కాకులే అలవాటుగా వచ్చి కూర్చుని, అరిచి, విసిగి వెళ్ళిపోయేవి.

ఆ జూన్లో వాణ్ణి బళ్ళో వేసేం. ఒకనాడు సాయంత్రం వాళ్ళ మేరీ టీచరుగారు మా ఇంటిముందు ఆగి, నవ్వాపుకోలేక అమ్మకి చెప్పేరు. ఎవరో పిల్లాడు అందరి ముందూ, "మీ నాన్న జైల్లో ఉన్నాడంట కదరా" అన్నాడట. ఈవిడ గుండె పట్టుకుని చూస్తోందట, వీడేం చేస్తాడో అని. వీడు, "ఆయ్. రాజమండ్రిలో. గోదారి బ్రిడ్జి దాటెళ్ళాలి. నేనెళ్ళేను. నువ్వు చూసేవేంటి రాజమండ్రి?" అన్నాడట. ఆ పిల్లాడు గన్నవరం దాటినవాడు కాదు. ఇంటికెళ్ళి, తనని కూడా రాజమండ్రి తీసుకెళ్ళమని వాళ్ళ నాన్న ప్రాణం తీసేడట.

ఇప్పటికీ అప్పటికీ తేడా ఏమిటని ఆలోచిస్తే నాకొకటి తోస్తుంది. అప్పుడు ఊరంతా కలిసి ఒకే అబద్ధం చెప్పేది, అందులో వాళ్ళ ప్రేమ కూడా ఉండేది. దాన్ని దాటి పిల్లాడికి నిజం చేరాలంటే సూరమ్మ అత్తలాంటి మొండిమనిషి రావాల్సొచ్చింది. ఇప్పుడా ఊరు లేదు. ఎదురింటి అమ్మాయి అబద్ధాన్ని ఒక్కతే మొయ్యాలి, పైగా ఏ పిల్లాడి చేతిలో చూసినా ఫోను, నిజం ఎప్పుడు ఏ మూలనించి ఊడిపడుతుందో తెలియదు. పుస్తకాలు మాత్రం ఇప్పుడే ఎక్కువ. అప్పట్లో మా గ్రంథాలయం బీరువాలో ఈ సంగతి చెప్పేది ఒక్కటీ లేదు. నేను వెతికేను కాబట్టి తెలుసు. అలాంటి పుస్తకం దొరికేసరికి నాకు పిల్లలు పుట్టేరు. చదువుతుంటే, ఇది మా వంటింట్లో జరిగిందే కదా అనిపించింది. ఆ అమ్మాయి చల్లారిన కాఫీ తాగి వెళ్ళిపోయింది. మర్నాడు గ్రంథాలయం మెట్ల దగ్గర కనిపించి, చెప్పేనండీ అంది. చిన్నవాడు ఏమన్నాడని అడిగితే, నాన్నకి అక్కడ దుప్పటి ఇస్తారా అని అడిగేడంది. అడుగుతున్నాడు, అది చాలు.

మా నాన్న అనుకున్నదానికన్నా ముందే వచ్చేసేడు. శిక్షలో కొన్నాళ్ళు తగ్గించి వదిలేసేరు. కబురు పెట్టే వీల్లేక ఆయనే బస్సెక్కి, బస్సు దిగి, ఎవరికీ కనపడకుండా గట్టు మీంచి నడిచొచ్చేడట. దారిపొడుగునా ఒకటే గుబులట, పిల్లాడు తనని చూసి బెదురుతాడేమో, ఏడుస్తాడేమో, దాక్కుంటాడేమో అని. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు. అమ్మ చేలో ఉంది. నేను, ఇంకెక్కడ, గ్రంథాలయంలో ఉన్నాను. అరుగు ముందు బుల్లబ్బాయి ఇంకో ఇద్దరితో గోళీలాడుతున్నాడు. నాన్న వచ్చి ఎదురుగా నిలబడితే తలెత్తి చూసేడట. "అమ్మ చేలోకెళ్ళింది నాన్నా, వచ్చేస్తది, కూర్చో" అన్నాడట. ఆ మాట అనేసి, ఈసారి నా వంతురా అని మళ్ళీ ఆటలో పడిపోయేడట.

చనిపోయేదాకా నాన్న ఈ సంగతి ఎంతమందికి చెప్పేడో. మాకందరికీ కంఠతా వచ్చేసినా ఆపేవాళ్ళం కాదు. ఏడుస్తాడనుకున్నాను, పక్కూరెళ్ళొచ్చినట్టు కూర్చోమన్నాడు అనేవాడు. కూర్చున్నాను, ఆట అయ్యేదాకా అరుగు మీద కూర్చుని చూసేను, వాడు ఓడిపోయి నా దగ్గరకొచ్చి తగువు పెట్టేడు, వాళ్ళు తొండి ఆడుతున్నారు, నువ్వు చెప్పు నాన్నా అని.